నాలుగో కెమెరా కాడ ఒక్కరు

"వాన పడి ఆ వైరు తడిసి, కరెంటు పాకి బుట్టల నీళ్లలకు దిగితే ఆడపిల్లలు ఏం గావాల్రా?" అన్నది మంగ్లి.

అప్పటికి వైరు ఇంకా సంచిలోనే ఉంది. మబ్బు జాడ లేదు. బుట్టలు అల్లనే లేదు. కొడుకు వీరన్న పాల్వంచ నుంచి వచ్చి బండికి స్టాండు వేసిండో లేదో, చెప్పులన్నా విప్పలేదు.

"యాడీ, అది ఫోన్లకు ఛార్జింగు పెట్టే వైరు. ఒంటికి చుట్టుకొని పండుకున్నా ఏం గాదు."

"పండుకున్నోళ్లు లేవకపోతే గద తెలిసేది."

వీరన్న నవ్విండు. వాళ్ల లంబాడీ మాటలో తల్లి అంటే యాడి, తండ్రి అంటే బా. యాడికి జవాబు చెప్పి గెలిచినోళ్లు ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ లేరు. బస్సు లేటైతే మూలమలుపు కాడ బోర్లపడిందంటది. ముందుగాల వస్తే డ్రైవరు తాగి తోలిండంటది. ఆశ్రమ బడిలో అయిదో తరగతి దాకా చదివింది. ఆ చదువుతోని బస్సు బోర్డులు చదువుతది, మందు సీసాల మీద గడువు తేదీలు చదువుతది, పేపరు చేతికందితే ముందు ప్రమాదాల వార్తలు చదువుతది.

కానీ ఈసారి ఆమె భయం వైరుది కాదని వీరన్నకూ తెలుసు.

చండ్రుగొండ రోడ్డు దిగి అడవంచు పట్టుకొని పోతే వాళ్ల తండా. శ్రావణంలో అక్కడ తీజ్ పండుగ చేస్తరు. పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి బుట్టల్లో నింపి, నానిన గోధుమలు చల్లి, తండా పెద్ద అయిన నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతరు. పొద్దున, పగలు, మాపు పాటలు పాడుకుంట నీళ్లు పోస్తరు. తొమ్మిదో నాడు మొలకల్ని వాగులో కలిపేదాకా ఉప్పుకారం లేని తిండి తింటరు. ఎవరి బుట్ట పచ్చగ ఏపుగ లేస్తే వాళ్ల బతుకు అట్లనే లేస్తదని నమ్మకం. ఒకసారి మంచె ఎక్కిన బుట్ట వాగుకు పోయేటప్పుడే కిందికి దిగాలె. బుట్ట పెట్టిన పిల్ల అప్పటిదాకా ఊరు దాటొద్దు.

పోయిన ఏడు సోని ఊరు దాటింది.

సోని మంగ్లి బిడ్డ, వీరన్న చెల్లె. నర్సింగు చదివింది. సరిగ్గ తీజ్ నడుమ బెంగుళూరు దవాఖాన నుంచి ఫోనొచ్చింది, సోమవారం లోపట వచ్చి చేరకుంటే ఆ కొలువు ఇంకొకరికి ఇస్తమని. తెల్లారి బ్యాగు పట్టుకొని బస్సు కాడికి పోయింది. ఆమె తండ్రి హాతీరామే తండా నాయక్. ఆడపిల్లలు తీజ్ చేసుకోవాలంటే ఆయన్ని వచ్చి అడగాలె, ఆయన సరే అన్నంకనే గోధుమలు నానాలె. అసొంటి నాయక్ బిడ్డే బుట్ట వదిలి పోతున్నదని తండా అంతా బస్సు కాడ చేరింది. అందరి ముందు హాతీరాం అన్నడు: "నడుమ వదిలిపోయేదానికి ఈ తండాల పనేంది? మళ్ల నా ముంగటికి రావొద్దు."

సోని రాలేదు. ఫోనూ చేయలేదు. మంగ్లి చేస్తే మోగి మోగి ఆగిపోయేది. అన్నకు మాత్రం ఎప్పుడన్నా "బాగున్న" అని ఒక్క ముక్క పంపేది. హాతీరాం ఆ నాటి నుంచి బిడ్డ పేరు ఎత్తలేదు. అన్నం కాడ కూర్చుంటే ఉప్పు గురించి మాట్లాడిండు, పత్తి గురించి మాట్లాడిండు, అడవి పందుల గురించి మాట్లాడిండు. ఆ ఇద్దరి నడుమ మంగ్లి ఏడాది సంది నలుగుతున్నది. బిడ్డ గొంతు ఒక్కసారి వింటే చాలనుకుంటది. వినకుండనే తనకేమన్న అయితే ఎట్లని ఆ వెంటనే అనుకుంటది.

కొడుకు తీజ్‌ను ఫోన్లలో చూపిస్తనంటే, "సోని చూస్తదారా ఇది?" అని ఆమె అడగలేదు. "ఇది బెంగుళూరుల గూడ కనపడతదా?" అని అడిగింది.

"దుబాయిల గూడ కనపడతది."

"దుబాయిల సంగతి నాకెందుకు? బెంగుళూరు చెప్పు."

"కనపడతది యాడీ. లింకు పంపిన. చూసినట్టు నీలం గీతలు పడ్డయ్. జవాబైతే రాలే."

వీరన్నకు పాల్వంచలో పెళ్లి వీడియోల దుకాణం ఉంది. తండా పిల్లలు సగంమంది ఊరిడిచి పనులకు పోయినోళ్లే. తీజ్ వస్తే ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొని వీడియో కాల్ చేసేది. ఆ ఫోన్ ఎవని చేతిలో ఉంటే వాని పెళ్లామే కనపడేది. మిగిలినోళ్లు అటు తిప్పు, ఇటు తిప్పు అని గోల. అందుకని వీరన్న ఈసారి నాలుగు పాత ఫోన్లను కెమెరాలుగ పెడతనన్నడు. ఒకటి పక్కింటి గంగక్క స్లాబు మీద, తండా అంతా కనపడేటట్టు. రెండోది బోరు బాటకు. మూడోది ఆడోళ్లు గుండ్రంగ తిరిగి ఆడే వాకిలికి. నాలుగోది మంచె పైన గుంజకు కట్టి, సక్కగ బుట్టల మీదికి. దూరమున్నోళ్లు ఎవరికి ఏది కావాలంటే ఆ నంబర్ ఒత్తుకుంటరు. మాట్లాడాలంటే చెయ్యి గుర్తు ఒత్తాలె, వీరన్న సరే అంటే వాళ్ల గొంతు వాకిట్లో సౌండుబాక్సులో వినపడతది.

ఆడపిల్లలు తీజ్ అడగ వచ్చిన రోజే వీరన్న కెమెరాల సంగతి గూడ అడిగిండు. హాతీరాం పిల్లల దిక్కు చూసి "చేసుకోండ్రి" అన్నడు. కొడుకు దిక్కు చూసి "నన్ను మాత్రం అండ్ల చూపియ్యకు" అన్నడు.

వాకిట్లో తాటిపత్రి కింద టీవీ పెట్టి, నాలుగు గళ్లలో నాలుగు కెమెరాల బొమ్మలు పడేసరికి మంగ్లి భయం మరిచి ముందుకొచ్చి కూర్చున్నది. తన ఇంటి కప్పును ఆమె పైనుంచి ఎన్నడూ చూడలేదు.

"పెంకులు ఇన్ని పగిలినయా?" అన్నది. తర్వాత, "మూడో దాంట్ల ఆ ముసల్దెవరు, మన వాకిట్ల వీపు తిప్పుకొని కూసున్నది?"

"నువ్వే" అన్నది పక్కింటి గంగక్క.

మంగ్లి చెయ్యి లేపింది. కొద్దిసేపటికి టీవీలో ముసల్ది చెయ్యి లేపింది.

"ఇదేందిరా, నాకంటె వెనుక ఉన్నది?"

"బొమ్మ పోయి రావడానికి కొంచెం టైం పడతది యాడీ. దూరమున్నోళ్లకు గూడ అంతే, నాలుగైదు సెకన్లు ఆలస్యం."

మంగ్లి ఆలోచనలో పడ్డది. "అంటే నేను ఇప్పుడు ఈన్నే కూలిపోయి సచ్చిపోతే, బెంగుళూరుల నేను ఇంకా కొంచెం సేపు కూసోనే ఉంటనా?"

"పండుగ పూట ఏం మాటలే నీయి!" అని గంగక్క వీపు మీద ఒకటి చరిచింది. కాసేపాగి, టీవీలో గూడ చరిచింది.

బుట్టలు పెట్టేనాడు మంగ్లి గంగక్క బిడ్డ దీపికను పక్కకు పిలిచి, సోని పేరు మీద గూడ ఒక బుట్ట పెట్టమన్నది. పెళ్లికాని పిల్ల చేతనే విత్తనం పడాలె గనుక. దీపిక రెండు బుట్టలు పెట్టింది. మంచె కింది నుంచి వైరు పోతున్నదని, బుట్టల నీళ్లు దాని మీద కారొద్దని, మంగ్లి పట్టుబట్టి అన్ని బుట్టల్లోపల ప్లాస్టిక్ కవర్లు పరిపిచ్చింది. సోని బుట్టకు రెండు పొరలు పరిచింది. హాతీరాం వచ్చి బుట్టల్ని చూసిండు. పిల్లల్ని చూసిండు. ఒక బుట్ట ఎక్కువున్నది. ఆయన తువ్వాల భుజం మార్చుకొని పోయిండు.

మొదటి రెండు మూడు రోజులు తండా అంతా టీవీ ముందే. శనగలు నానబెట్టి మంచె కాడ రేగుకంపకు గుచ్చే ఆట ఆడితే, బావమరుదులు కంప ఊపి సతాయిస్తుంటే, బాక్సులోంచి అరుపులు. "మూడుల కాదురా, నాలుగుల చూడు, ముల్లు దిగింది దానికి!" హాతీరాం తమ్ముడు మోతీలాల్ పుణెలో క్రేను నడుపుతడు. ఆయన గొంతు అన్నిటికంటె పెద్దది.

"వదినా! మూడో కెమెరాల బొమ్మ తీరు నిలవడ్డవేంది? ఆడరాదు?"

"నువ్వు క్రేను మీద కూసోని ఫోన్ చూస్తున్నవా ఏంది? దిగు ముందు!" అని మంగ్లి ఆకాశం దిక్కు చూసి అరిచింది.

వీరన్న ఇంకోటి గూడ పెట్టిండు. నీళ్ల గుర్తు. దూరమున్నోళ్లు అది ఒత్తితే వాళ్ల పేరు టీవీ మీద పడతది, ఆ పేరు చెప్పి పిల్లలు బుట్టలో చారెడు నీళ్లు పోస్తరు. అది అందరికీ బాగ నచ్చింది. తీజ్ బుట్టకు నీళ్లు పోస్తనన్నోళ్లను వద్దనకూడదు, అది వాళ్ల ఇంటి ఆడపిల్లను వద్దన్నట్టు. చిన్నమ్మలు, పెద్దనాయనలు, బావలు, హాస్టల్లో ఉన్న పిల్లలు, అందరూ ఒత్తుడే. మంగ్లి బిడ్డకు తోడు లేదన్న జాలితోని "సోని బుట్టకు నా పేరు మీద" అనేటోళ్లే ఎక్కువ.

మంగ్లికి అందరి గొంతులూ వినపడ్డయ్. ఒక్కటి తప్ప.

ఓ పగటి పూట నీళ్లు పోసుడైపోయి వాకిలి ఖాళీ అయింది. దూరమున్నోళ్లు పనుల్లో ఉన్నరు. టీవీలో ప్రతి గడి కింద ఒక అంకె ఉంటది, ఆ కెమెరాను ఎంతమంది చూస్తున్నరో. మంగ్లి చదివింది. సున్నా, సున్నా, సున్నా. నాలుగో దాని కింద మాత్రం ఒకటి.

"ఎవర్రా ఈ ఒక్కరు?"

"పేరు పెట్టుకోలే" అన్నడు వీరన్న. "ఎవరో ఫోన్ తెరిచిపెట్టి మరిచిపోయిండ్రు."

నాలుగో గడిలో ఏముంది చూడటానికి? మన్ను, మొలకలు, ఒక ఈగ. మంగ్లికి లోపల గుబులు మొదలైంది. మంచె పక్కన మేకలు కట్టేసి ఉన్నయ్, దొంగలు లెక్కబెట్టుకుంటున్నరేమో. మొలకలకు ఎవరన్న దిష్టి పెడుతున్నరేమో. మర్నాడు పొద్దున్నే చూసింది. మళ్ల ఒకటి. పగలు చూసింది. ఒకటే. భయం ఎంతున్నదో, దాని పక్కన ఎవరై ఉంటరన్న ఆరాటం గూడ అంతే పెరిగింది. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి అంకె చూసేది, గంజి వార్చి వచ్చి చూసేది.

"చూడనీ తియ్" అన్నది గంగక్క టీవీ ముందు కాళ్లు చాపుకొని. "నిన్నేమన్న కొరుకుతదా?"

మంగ్లి బిందె తీసుకొని బోరు దిక్కు నడిచింది. సగం దూరం పోయిందో లేదో వెనుక నుంచి గంగక్క కేక. "ఓ మంగ్లీ! నాలుగు కాడ ఒకటి పోయిందే! రెండు కాడికొచ్చింది!"

మంగ్లి ఆగిపోయింది. రెండు అంటే బోరు బాట. తను ఇప్పుడు నిలబడ్డ జాగ.

బిందె అక్కడనే పెట్టి మెల్లగ వాకిట్లకొచ్చింది. "ఇప్పుడు?"

"ఆగు... రెండే... ఆ! మూడు!"

మంగ్లి ఇంటి వెనుక్కు పోయింది. అక్కడ దొడ్డి గోడ, పిడకల కుప్ప. ఏ కెమెరా లేదు. గోడకు ఆనుకొని నిలబడ్డది.

"ఒకటి" అని అరిచింది గంగక్క. "రెండు... మూడు... మళ్ల ఒకటి... నాలుగు... ఓయమ్మా, ఇది ఆగుత లేదే! అన్నిట్లకు తిరుగుతున్నది! నిన్ను ఎతుకుతున్నట్టుందే మంగ్లీ!"

మంగ్లి దాదాపు ఉరికినట్టే మంచె కాడికొచ్చింది. బుట్టల మీదికి వంగింది.

"నాలుగు" అన్నది గంగక్క, ఈసారి చిన్నగ. "ఆగింది."

మంగ్లి తలెత్తి గుంజకు కట్టిన ఆ ఫోన్ దిక్కు చూసింది. అద్దం ముక్కంత కన్ను. దాంట్లో తన మొఖం తప్ప ఏమీ లేదు. చెంగుతోని మొఖం తుడుచుకున్నది.

"సోనీ, నువ్వేనా బిడ్డా?"

మాట పోవడానికి కొంచెం టైం పడతదని గుర్తు తెచ్చుకొని ఆగింది. ఇంకొంచెం ఆగింది. బాక్సులోంచి గాలి చప్పుడు తప్ప ఏం రాలేదు. ఎవరూ చెయ్యి గుర్తు ఒత్తలేదు.

"సున్నా అయిందే" అన్నది గంగక్క.

నేనే తరిమిన అనుకున్నది మంగ్లి. లేదంటే ఫోన్ జారి కింద పడ్డది. లేదంటే దవాఖానాల ఎవరికో సీరియస్ అయింది. లేదంటే బిడ్డ కళ్లు తిరిగి పడిపోయింది, పక్కన ఎవరూ లేరు. మాపటిదాకా ఆమె ఏ పని చేసిందో ఆమెకే తెలియదు. దీపాలు పెట్టే వేళకు నాలుగో గడి కింద మళ్ల ఒకటి కనపడ్డది. మంగ్లి ఈసారి పిలవలేదు. పిలిస్తే పోతదేమోనని భయం. ఊరికే మంచె పక్కన కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీసింది, కెమెరాకు కనపడేటట్టు.

అట్ల కూర్చొని టీవీ చూస్తుంటే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. నాలుగు గళ్లు వెతికింది. మేకలున్నయ్, కుక్కున్నది, గంగక్క ఆరేసిన చీరలున్నయ్. నాయక్ లేడు.

"మీ బా ఏ కెమెరాల గూడ లేడేందిరా?"

వీరన్న ముసిముసిగ నవ్విండు. "మొదటి రోజే వచ్చి టీవీ ముందు కూసున్నడు. నన్ను వాకిట్ల అటు నడువు, ఇటు నడువు అన్నడు. నేను ఎక్కడ కనపడుతున్ననో, ఎక్కడ కనపడుత లేనో చూసుకున్నడు. కనపడని జాగల నులక మంచం వేసుకున్నడు."

మంగ్లి తిరిగి చూసింది. ఎడ్ల కొట్టం గోడ వారన మంచం, మంచం మీద హాతీరాం. ఏ కెమెరాకూ అందడు. ఆయనకు మాత్రం ఆడి నుంచి టీవీ మంచిగ కనపడతది.

ఆమె లేచి పోయి ఆయన కాళ్ల కాడ నిలబడ్డది. "ఒక్కసారి వచ్చి ఇటు కూసోరాదు?"

"నేనేం పెండ్లికొడుకునా, కెమెరా ముందు కూసోనీకి?"

"నీ బిడ్డ చూస్తుండొచ్చు."

హాతీరాం తువ్వాల దులిపిండు. దులిపినదే మళ్ల దులిపిండు. "ఎడ్లకు గడ్డి వేసిండ్రా లేదా?" అన్నడు.

"నీ నోరు తెరిపియ్యడం కంటె ఆ ఎడ్లతోని మాట్లాడుడు నయం" అని మంగ్లి వచ్చేసింది.

ఆదివారం వచ్చింది. ఎల్లుండి వాగుకు పోవాలె. దూరమున్నోళ్లందరికీ సెలవు గనుక మాపటికి టీవీలో అంకెలు ఉబ్బినయ్. నీళ్ల గుర్తు మీద పేర్లు వాన పడ్డట్టు పడుతున్నయ్. పిల్లలు బిందె మీద బిందె తెస్తున్నరు. మోతీలాల్ బాక్సులోంచి పాట ఎత్తుకున్నడు, వాకిట్లో ఆడోళ్లు దానికి సరిగ్గ తిరగలేక తిడుతున్నరు.

మంగ్లి సోని బుట్ట మీద చెయ్యి పెట్టింది. తీసింది. మళ్ల పెట్టింది. మొలకల మొదళ్లు పసుపు పచ్చగున్నయ్. వేలితోని మన్ను తాకితే మెత్తగ జారింది. ముక్కు కాడికి తెచ్చుకుంటే పాచి వాసన. మిగిలిన బుట్టలు గూడ డల్లుగున్నయ్ గానీ ఇదైతే పక్కకు ఒరిగిపోయింది.

ఆమె చెవుల్లో పాట ఆగిపోయింది. పసుపు. ఒరగడం. బిడ్డ బతుకు. పోయినేడు నడుమ వదిలిన బుట్ట పాపం ఇప్పుడు తగులుతున్నది. అడగడానికి భయం, చెప్పడానికి భయం. దాహమైందేమో అనుకున్నది, దాహమైతే గూడ ఆకు పసుపెక్కుతది గద. దీపిక చేతిలో చెంబు లాక్కొని తనే వంపింది. చాలదని ఇంకొకటి వంపింది. పేర్లు టీవీ మీద పడుతూనే ఉన్నయ్. "పోయ్ వదినా, నాది గూడ పోయ్!" అంటున్నడు మోతీలాల్. మంగ్లి పోస్తున్నది.

వీరన్న ఫోన్ మీద చెయ్యి గుర్తు మెరిసింది. మోతీలాల్‌కు తోడు ఇంకెవరో పాడతరనుకొని, చూడకుండనే సరే ఒత్తిండు.

"యాడీ, నీళ్లు ఆపు."

చెంబు మంగ్లి చేతిలోనే ఆగింది. మోతీలాల్ పాట మధ్యలో తెగింది. ఆడోళ్లు ఎక్కడోళ్లు అక్కడ నిలబడ్డరు.

"ఆ బుట్టల నీళ్లు నిలవడ్డయ్. పైకి మెరుస్తున్నయ్, ఇందాకటి సంది చూస్తున్న. లోపల ఏమన్న పరిచిండ్రా?"

మంగ్లి చెంబు పక్కకు పెట్టి బుట్ట అంచు పట్టుకున్నది. "కవరు. వైరు మీద కారొద్దని. నీ దానికి రెండు పొరలు."

"మంచి పని చేసినవ్" అన్నది సోని. గొంతులో విసుగున్నది, దాని వెనుక ఇంకేదో ఉన్నది. "పుణె నుంచి ఒకరు, దుబాయి నుంచి ఒకరు సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తున్నరు. పోనీకి దారి లేదు. మోతీ కాకా, నీ ఒక్కని పేరు మీదనే బిందెడు పోసిండ్రు!"

"నాకేం ఎరుక బిడ్డా!" అన్నడు మోతీలాల్ పుణె నుంచి. ఎవరో కిసుక్కుమన్నరు.

"బుట్ట దించకుండ్రి. మంచె కిందికి పోయి దబ్బనంతోని అడుగున పొడువుండ్రి. అన్నిటికీ."

దబ్బనం ఎవరు తెచ్చిండ్రో మంగ్లి చూడలేదు. మంచె కిందికి దూరింది. పైకి చూస్తూ పొడిచింది. మొదటి పొర తెగింది, రెండోది తెగింది. పచ్చని నీళ్లు ఆమె చెయ్యి మీదికి, మోచేతి మీదికి, కింద పోతున్న వైరు మీదికి కారినయ్. వైరు సంగతి ఆమెకు గుర్తుకే రాలేదు.

"కారుతున్నయ్ బిడ్డా" అన్నది మంచె కింది నుంచే. "బతుకుతయా?"

"ఏర్లు గట్టిగుంటే బతుకుతయ్. ఎల్లుండి దాకా చుక్క గూడ పొయ్యకుండ్రి. పాటలు పాడుండ్రి, నీళ్లు పొయ్యకుండ్రి. ఎవరన్న ఒత్తితే పాట పాడి ఊకోండ్రి."

వీరన్న నీళ్ల గుర్తు తీసేసిండు.

మంగ్లి బయటికొచ్చి కెమెరా ముందు నిలబడ్డది. ఏడాది పాటు మనసులో పెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయినయో. "తిన్నవా?" అన్నది.

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"యాడీ..." అన్నది సోని. అక్కడ ఆగింది. మళ్ల మొదలుపెట్టేసరికి గొంతు మారిపోయింది. "యాడీ, బా ఏడి? మొదటి నాటి సంది నాలుగు కెమెరాలు తిప్పి తిప్పి చూస్తున్న. నువ్వున్నవ్, అన్న ఉన్నడు, కుక్క గూడ ఉన్నది. నాయక్ లేకుండ తీజ్ ఎట్ల అయితది? ఆయనకు పాణం బాగలేదా? నడువలేకపోతున్నడా? దవాఖానాల ఏసిండ్రా? నాతోని ఎందుకు దాస్తున్నరు? చెప్పుండ్రి, ఏమున్నా చెప్పుండ్రి, నేను తట్టుకుంట."

మంగ్లి బాక్సు దిక్కు తిరిగింది. అది అచ్చం తన గొంతు. బస్సు లేటైన ప్రతిసారి తన నోట్లోంచి వచ్చే గొంతు.

వాకిట్లో తలలన్నీ కొట్టం దిక్కు తిరిగినయ్. నులక మంచం మీద హాతీరాం రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నడు. టీవీ చూస్తలేడు. నేల చూస్తున్నడు.

వీరన్న మెల్లగ లేచి మూడో కెమెరా మీద చెయ్యి వేసిండు, అటు తిప్పుదామని. మంగ్లి పోయి ఆ చెయ్యి పట్టుకున్నది. తిప్పితే ఆయన దొరికిపోతడు. దొరికితే లేచి పోతడు. తల అడ్డంగ ఊపింది.

టీవీలో నాలుగు గళ్ల కింద అంకెలు మారుతున్నయ్. ఒకటి దగ్గర తగ్గి రెండు దగ్గర పెరిగి, అక్కడ తగ్గి మూడు దగ్గర పెరిగి. పుణెలో, దుబాయిలో, ఎక్కడెక్కడో ఉన్న తండా మనుషులందరు హాతీరాం కోసం వెతుకుతున్నరు. బాక్సులో సోని ఊపిరి వినపడుతున్నది. ఎద్దు ఒకటి మెడ గంట కదిలించి ఊకున్నది.

ఇగ చెప్పడు అనుకున్నది మంగ్లి. ఈ బిడ్డ మళ్ల ఫోన్ పెట్టేస్తది. ఈసారి పెడితే ఇగ ఎత్తదు.

నులక కిర్రుమన్నది.

హాతీరాం లేచి, తువ్వాల తలకు చుట్టుకున్నడు. నాయక్‌గ నలుగురి ముందుకు పోయేటప్పుడు చుట్టుకున్నట్టే, నింపాదిగ, కొసలు లోపలికి దోపి. గోడ వార నుంచి అడుగులో అడుగు వేసుకుంట వచ్చిండు. మూడో గడి అంచున ముందు ఆయన తలపాగ కనపడ్డది, తర్వాత భుజం. మంచె కాడికి వచ్చి ఆగిండు. కెమెరా ఎక్కడున్నదో ఆయనకు తెలుసు, అయినా దాని దిక్కు చూడలేకపోయిండు. ఒరిగిన ఆ మొలకల దిక్కే చూసిండు. నాలుగైదు సెకన్లు ఆలస్యంగ టీవీలో గూడ చూసిండు. అప్పటికి అన్ని అంకెలూ నాలుగో గడి కిందికే వచ్చి చేరినయ్.

"పాణం మంచిగనే ఉన్నది" అన్నడు. వేలితోని ఒక మొలకను సక్కగ నిలబెట్టిండు. "ఎల్లుండి వాగుకు పోతున్నం. మీ దవాఖానోళ్లు సెలవిస్తరా బిడ్డా?"